వానలో ఉంచిన గాజుబిళ్ల

మేడమ్ పోయారని బాబాయిగారు ఫోన్ చేసినప్పుడు నేను బాపట్లలో, లాబ్‌లో, గాజుబిళ్లలు కడుగుతున్నాను. "అమ్మా, మీ మేడమ్ ఇక లేరమ్మా. పొద్దున కాఫీ కలిపి తీసుకెళ్ళేసరికి..." అని ఆయన ఆగిపోయారు. నేను "అలాగేనండి" అన్నాను. చావు కబురుకి ఎవరైనా అలాగేనంటారా? ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చేతిలో గాజుబిళ్ల ఇంకా ఉంది. అంచులు మాత్రమే పట్టుకుని ఉన్నాను, మధ్యలో వేలు తగలకుండా. అలా పట్టుకోవడం నేర్పింది ఆవిడే.

మేడమ్ అంటే మా కెమిస్ట్రీ మేడమ్, నా రీసెర్చికి గైడ్. ఇల్లు తెనాలి, ఉద్యోగం బాపట్ల. పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో తిరిగొచ్చేవారు. నాది రేపల్లె కాబట్టి నేను తెనాలిలో దిగి రైలు మారేదాన్ని, అక్కణ్ణుంచి ఇద్దరం కలిసి. కిటికీ పక్క సీటు ఎప్పుడూ నాకే. "నువ్వెటూ కుదురుగా కూచోవు, బయటికన్నా చూస్తూ కూచో" అనేవారు. రైల్లో ఆవిడ పని ఊసెత్తేవారు కాదు. ఎదుటివాళ్ళ టిఫిన్ డబ్బాలో ఏముందో మూత తీయకముందే కనిపెట్టడం ఆవిడ సరదా. "దొండకాయ వేపుడు" అని నా చెవిలో చెప్పేవారు. మూత తీస్తే బెండకాయ ఉండేది. "ముక్కు పాడైపోయిందే, ఆ క్లోరోబెంజీన్ పుణ్యమా అని" అనేవారు నవ్వుతూ. అప్పుడు నేనూ నవ్వేదాన్ని.

బాబాయిగారు ఆవిడ భర్త. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. స్టూడెంట్లమంతా ఆయన్ని బాబాయిగారనే అంటాం. ఆ ఇంట్లో వంట ఆయనది, పచ్చళ్ళు ఆయనవి, ఎండాకాలం మొదలుకుని ఏ కాస్త ఎండ దొరికినా డాబా మీద పెట్టే వడియాలూ ఆయనవే. మేడమ్‌కి అన్నంలో పప్పు లేకపోయినా పర్వాలేదు, వడియం ఉండాలి. "నాకు కొలిచి పోయడం లాబ్‌లోనే వచ్చు, వంటింట్లో రాదు" అని ఆవిడే చెప్పుకునేవారు. ఆయన మాత్రం "మా ఇంట్లో ఇద్దరు కెమిస్టులు, తినగలిగేది చేసేది ఒక్కడే" అనేవారు. ఈ వడియాల సంగతి ఊరికే చెప్పడం లేదు. మళ్ళీ వస్తుంది.

ఆవిడ పని ఏంటో చెప్పకుండా ఆవిడ గురించి చెప్పలేను. మనం మామూలుగా చూసే సోలార్ పలకలు సిలికాన్‌వి. మేము చేసేవి వేరు. కరెంటుని తన గుండా పోనిచ్చే పాలిమర్లని సిరాలా కరిగించి గాజు మీద పూత వేస్తాం. ఎండ తగిలితే ఆ పూతలో కరెంటు పుడుతుంది. పుట్టిన కరెంటు బయటికి రావాలంటే పైన వెండి పొర ఉండాలి. ఈ పూతకీ వెండికీ నేరుగా పొసగదు. కరెంటు సగం దారిలోనే ఇంకిపోతుంది. అందుకని రెండింటి మధ్య ఇంకో పాలిమర్ పొర వేస్తాం. గదికీ వీధికీ మధ్య గడప లాంటిది. అద్దం మీద ఊదితే పట్టే ఆవిరి కూడా దానికంటే మందంగా ఉంటుంది. ఆ కంటికి కనపడని గడపని ఎలా కట్టాలన్నదే మేడమ్ ఉద్యోగ జీవితమంతా.

చిక్కేంటంటే, ఆ పాలిమర్ గొలుసుకి పక్కన చిన్న చిన్న తోకలుంటాయి. ఆ తోకలకి నీటిని ఇష్టపడే గుణం ఉంటేనే అది మెథనాల్‌లో కరుగుతుంది, కింది పూతని చెడగొట్టకుండా దాని మీద పరుచుకుంటుంది, కరెంటుకి దారి ఇస్తుంది. ఆ గుణమే దాని చావుకొస్తుంది. గాలిలో చెమ్మనంతా లాగేసుకుని నాలుగు రోజుల్లో పాడవుతుంది. "వానాకాలంలో మీ అమ్మ ఉప్పుజాడీ మూత తీసి చూడు" అన్నారు నాకు మొదటిసారి చెప్పినప్పుడు. "ఉప్పు ఎలా ఏడుస్తూ ఉంటుందో, ఇదీ అంతే." పెద్ద పెద్ద చోట్ల ఈ పనంతా చెమ్మ దూరకుండా నత్రజని నింపిన గాజుపెట్టెలో చేస్తారు. మాకు ఆ పెట్టె లేదు. లేదని ఆవిడ ఎప్పుడూ బాధపడలేదు. "పెట్టెలో బతికేదాన్ని పెట్టెలోనే ఉంచుకోమను. మనకి రేపల్లెలో బతికేది కావాలి."

మా లాబ్‌లో విషపు ఆవిర్లని బయటికి లాగే అల్మారా ఒకటి ఉంది. దాని మోటారు నేను చేరేనాటికే తిరిగేది కాదు. పాలిమర్లని కరిగించే క్లోరోబెంజీన్ సీసా తీయాల్సి వచ్చినప్పుడల్లా మేడమ్ కొంగు నడుముకి దోపుకుని, కిటికీలన్నీ బార్లా తెరిచి, మమ్మల్ని తరిమేసేవారు. "పోండి, పోయి టీ తాగి రండి. నాకు అరటికాయ బజ్జీ తెండి." మేము కారిడార్‌లో ఉండి అద్దంలోంచి చూస్తే, ఆవిడ ఒక్కరే తల పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టి పోస్తూ కనిపించేవారు. మేము తెచ్చిన బజ్జీ చల్లారాక తినేవారు. ఒకసారి నేను పోస్తాను మేడమ్ అంటే కోప్పడ్డారు. "నీకింకా పెళ్ళి కావాలి, పిల్లలు కావాలి, లేదా ఏదీ వద్దనుకుని ఊళ్ళు తిరగాలి. నాకు అన్నీ అయిపోయాయి. పో."

మేడమ్‌కి కడుపులో గడ్డ అన్నారు, తర్వాత దాని అసలు పేరు చెప్పారు. ఆ సీసాల వల్లేనా అని నేను డాక్టర్ని అడిగాను. "అలా చెప్పలేమమ్మా" అన్నాడాయన. అవుననీ కాదు, కాదనీ కాదు. ఆ మాట ఇవాళ్టికీ నాకు మింగుడు పడదు. ఆవిడ దీర్ఘ సెలవు పెట్టిన కొత్తల్లో ఎవరో వచ్చి మోటారు మార్చి వెళ్ళారు. ఇప్పుడది చక్కగా తిరుగుతోంది. ఆ చప్పుడు వింటూ పనిచేయడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

ఆవిడ దగ్గర చేరిన కొత్తల్లో, నేను చేసిన వాటిలోకల్లా బాగా పనిచేసిన సోలార్ సెల్, అంటే పూతలన్నీ వేసిన గాజుబిళ్ల, ఒకటి పట్టుకుని ఆవిడ గదికి పరిగెత్తాను. అది ఇచ్చిన కరెంటు అంకె చూశారు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"మిగతావేవి?"

"అవి అంత బాగా రాలేదు మేడమ్."

"వాటికేం, జ్వరమొచ్చిందా? తీసుకురా. చెత్తది ముందు చూపించు."

తీసుకొచ్చాను. అన్నిటిలోకీ అధ్వానమైనదాన్ని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు. "ఒక్కటి బాగా రావడం అదృష్టం. అన్నీ ఓ మోస్తరుగా వస్తే అది కెమిస్ట్రీ" అన్నారు. ఆ రోజు నుంచి ఆవిడ గదిలోకి వెళ్తే మొదటి మాట అదే. చెత్తది ముందు.

కిందటేడు వానలకి ముందు, ఆవిడ కొత్తగా కట్టిన పాలిమర్‌తో సెల్స్ చేశాం. పైన ఇంకో గాజు మూసి, అంచులకి జిగురు పూసి, మూడు డాబాల మీద ఉంచాం. బాపట్లలో కాలేజీ మీద, రేపల్లెలో మా ఇంటి మీద, తెనాలిలో ఆవిడ ఇంటి మీద. అప్పటికే ఆవిడ మంచం పట్టారు. "ఒక్క వానాకాలం ఆరుబయట నిలబడితే చాలే. ఆ అంకె ఒక్కటి నిజంగా చూస్తే చాలు నాకు" అన్నారు.

రేపల్లెలో మా అమ్మ దాన్ని చూసి "ఏంటే ఇది, దిష్టికా?" అంది.

"కరెంటుకమ్మా."

"బల్బు వెలుగుతుందా?"

"వెలగదు."

"మరింకేం, దిష్టికే" అని, కాకులు ముట్టుకోకుండా పక్కన ఓ పాత నల్ల గుడ్డ కట్టింది.

వానలు దంచేశాయి. బాపట్లది మసకబారింది. రేపల్లెది ఇంకా ముందే పోయింది. తెనాలిది మాత్రం పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. రోజూ ఎండెక్కాక బాబాయిగారు డాబా ఎక్కి, మీటర్ పెట్టి, అంకె ఫోన్‌లో చదివేవారు. ఆ అంకె వింటుంటే నాకు ఒళ్ళు పులకరించేది. బాపట్ల, రేపల్లె సముద్రానికి దగ్గర, తెనాలి దూరం, కాబట్టి ఉప్పుగాలే కారణమని నేనొక సిద్ధాంతం అల్లాను. దాని మీద పేజీలకు పేజీలు రాశాను. పేపర్ పంపడానికి సిద్ధమైంది. మేడమ్ చదివి "బానే ఉంది" అన్నారు కానీ, మొహంలో ఏదో నమ్మకం లేనట్టుంది.

ఆ పేపర్ విషయం మాట్లాడదామని నేను తెనాలి వెళ్ళిన రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. మేడమ్ మంచం హాల్లో ఉంది. నేను పక్కన కుర్చీలో ఉన్నాను. తొలి చినుకు పడగానే వంటింట్లోంచి బాబాయిగారు ఒక్క ఉదుటున మెట్లెక్కారు. కాసేపటికి వడియాల గుడ్డ నాలుగు చెంగులూ కలిపి పట్టుకుని, రొప్పుతూ దిగి, హాల్లో చాప మీద జాగ్రత్తగా విప్పి పరిచారు. గుమ్మడి వడియాల మధ్య మా గాజుబిళ్ల ఉంది. పొడిగా, తళతళలాడుతూ. ఓ మూల కాస్త పిండి అంటుకుంది.

మేడమ్ మోచేతి మీద లేచారు.

"ఏవండీ, అదేంటి?"

"నీదే. వానొస్తోందిగా."

"వానొస్తే?"

"తడిసిపోదూ!"

"ఎన్నాళ్ళనుంచి తెస్తున్నారిలా లోపలికి?"

"మొదట్నుంచీ. చినుకు పడితే ముందు దీన్నే తీస్తాను, ఆ తర్వాతే వడియాలు" అన్నారాయన, అదేదో మెచ్చుకోవాల్సిన విషయమన్నట్టు. తర్వాత మా ఇద్దరి మొహాలూ చూసి, నెమ్మదిగా చాప మీద కూర్చుండిపోయారు.

మేడమ్ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఆగక కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆయన లేచి మంచినీళ్ళు పట్టారు. ఆవిడ తాగి, ఆయన చేతి మీద అంటుకున్న పిండి తుడిచి, నావైపు తిరిగారు.

"ఉప్పుగాలి కాదే. వడియాల గాలి. తెనాలి అంకెలన్నీ కొట్టేయ్."

"పేపర్, మేడమ్..."

"ఏ పేపరు? వానే పడని వానాకాలం గురించి రాస్తావా?"

నాకు బాబాయిగారి మీద చాలా కోపం వచ్చింది. ఆ కోపంలో ఆయనకి చెప్పకుండానే స్టేషన్‌కి నడిచాను. ఆవిడకి ఇంకో వానాకాలం దొరుకుతుందా? నా గుండెల్లో తిరిగిందల్లా అదొక్కటే. ఆయన గుండెల్లోనూ అదే తిరిగి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ తర్వాత రేపల్లె సెల్‌ని తెచ్చి చూపించమన్నారు మేడమ్. తీసుకెళ్ళాను. గేటు దగ్గరే బాబాయిగారు ఎదురొచ్చారు. మనిషి సగమైపోయారు. "అమ్మా, ఒక్క మాట. ఏదో కాస్త బాగానే ఉందని చెప్పమ్మా. నా తప్పుతో ఆవిడ మనసు విరిగిపోయింది. నీకు పుణ్యముంటుంది." నేను తలూపాను. నిజంగానే చెబుదామనుకున్నాను. లోపలికి వెళ్ళేసరికి మేడమ్ గోడవైపు తిరిగి ఉన్నారు. నా చెప్పుల చప్పుడు విని, తల తిప్పకుండానే "చెత్తది ముందు" అన్నారు.

ఆ మాట విన్నాక ఇంకేం అబద్ధం ఆడతాను? గాజుబిళ్ల ఆవిడ చేతిలో పెట్టాను.

"మచ్చలు అంచుల్లో ఉన్నాయా, మధ్యలోనా? నాకు సరిగ్గా ఆనడం లేదు."

"మధ్యలో, మేడమ్."

"అంచుల్లో అయితే జిగురుది తప్పు. మధ్యలో అంటే..." బొటనవేలితో బిళ్ల అంచు తడిమారు. "నాదే. మరీ దాహం పెట్టాను దానికి."

గుమ్మం బయట బాబాయిగారు నిలబడి ఉన్నారని మా ఇద్దరికీ తెలుసు. ఆవిడ గొంతు పెంచి "ఏవండీ, మీ తప్పేం లేదు. మీరు తీయకపోతే మన డాబా మీదదీ పోయుండేదే" అన్నారు. అది ఓదార్పు కాదు. ఆవిడకి ఓదార్చడం రాదు. ఉన్న మాట చెప్పారంతే.

కొద్దిరోజులకి మేడమ్ ఫోన్ చేశారు. గొంతు బాగా సన్నబడిపోయింది. "ఉప్పుజాడీలో బియ్యం గింజలు వేస్తారు కదే. అన్ని తోకలూ నీళ్ళకే తిప్పాను నేను. మధ్య మధ్యలో నీళ్ళంటే పడని నూనె తోక ఒకటి పెట్టు. కరగడానికి సరిపడా దాహం ఉంచు, మిగతాది తీసేయ్." ఎన్నింటికి ఒకటి పెట్టాలో నేనే చేసి చూసుకోవాలి. చలికాలమంతా అదే పని. నూనె ఎక్కువైతే మెథనాల్‌లో కరగకుండా పెరుగు తరకల్లా విరిగిపోయేది. తక్కువైతే మళ్ళీ ఏడుపే. మధ్యలో ఎక్కడో ఒకచోట కుదిరింది. ఒకటి కాదు, అన్నీ ఓ మోస్తరుగా వచ్చాయి. ఆ మాట ఆవిడకి చెప్పినప్పుడు "ఓ" అన్నారు. ఆవిడ నోట అంతకంటే పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు.

కొత్త గాజుబిళ్లని తెనాలి డాబా మీదే పెట్టాలన్నారు. ఇటుకకి ఏటవాలుగా ఆనించి, కదలకుండా సిమెంటుతో బిగించాను. ఇక ఎవరూ తీయలేరు, మహా అయితే ఏదైనా కప్పగలరు. అక్కణ్ణుంచి వైరు కిటికీలోంచి దింపి ఆవిడ మంచం పక్కన స్టూలు మీద మీటర్‌కి కలిపాను. మందుబిళ్లలు, మంచినీళ్ళ గ్లాసు, మీటరు. పొద్దున లేవగానే ఆవిడ చూసేది దాన్నే. సూర్యుడు ఎక్కే కొద్దీ అంకె ఎక్కేది, మబ్బొస్తే దిగేది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు అదేదో ఆవిడ గుండె కొలిచే మిషననుకుని దాన్ని చూసి గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. మేడమ్ వాళ్ళకి నిజం చెప్పేవారు కాదు. "ఇవాళ బానే ఉంది" అనేవారు.

ఎండాకాలంలో ఏ సెల్ అయినా బాగానే ఉంటుంది. ఆవిడకి కావాల్సింది వాన. వేసవంతా ఫోన్‌లో ఒకటే ప్రశ్న. "ఈ ఏడు వానలు ఎప్పుడంటున్నారే?" రేపల్లెలో ఈదురుగాలి వీచినా చెప్పమనేవారు. ఆఖరిసారి నేను వెళ్ళినప్పుడు తిండి మానేశారు. బాబాయిగారు వడియాన్ని పొడి చేసి మజ్జిగన్నంలో కలిపి పెడితే నాలుక మీద ఉంచుకుని, కాసేపటికి తీసేశారు. "గుమ్మడి కాదు, మినప" అన్నారు. ఈసారి తప్పు చెప్పలేదు.

వాన చుక్క పడకుండానే పోయారు.

నేను వెళ్ళేసరికి హాల్లో మంచం తీసేసి చాప మీద పడుకోబెట్టారు. స్టూలు గోడవారకి జరిపారు కానీ, మీటరు ఆపాలని ఎవరికీ తోచలేదు. ఇంటి నిండా మనుషులు, ఏడుపులు, అగరువత్తుల పొగ. ఆ మూల మాత్రం అంకె ఒక్కో మెట్టూ ఎక్కుతూనే ఉంది. ఆవిణ్ణి బయటికి ఎత్తే వేళకి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ రోజంతటికీ అదే పెద్ద అంకె. చూడకూడదనుకుంటూనే చూశాను.

పదో రోజు కార్యక్రమానికి మళ్ళీ తెనాలి వెళ్ళాను. భోజనాల వేళ. బంధువులు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. పొద్దుట్నుంచి ఉక్కపోతగా ఉండి, ఒక్కసారిగా ఆకాశం నల్లబడింది. పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. "డాబా మీద బట్టలు! బట్టలు!" అని ఎవరో కేకేశారు. ఆడవాళ్ళిద్దరు పైకి పరిగెత్తి, బట్టలు వాటేసుకుని దిగొచ్చేశారు. వాళ్ళకి ఎదురుగా బాబాయిగారు మెట్లెక్కుతున్నారు. తిండి మధ్యలో లేచారు, చెయ్యి కూడా కడుక్కోలేదు. గాజుబిళ్ల మీద ఏదైనా కప్పేస్తారేమోనని వెనకే వెళ్ళాను.

ఆయన మెట్ల పైన తలుపు దగ్గర ఆగారు. ఎదురుగా, ఇటుక మీద, గాజుబిళ్ల. ఒక కాలు డాబా మీద పెట్టారు. పాదం మీద చినుకులు పడ్డాయి. అలాగే కాసేపు ఉండి, కాలు వెనక్కి తీసుకున్నారు.

"ఎన్నాళ్ళుండాలమ్మా ఇదిలా?"

"ఈ వానాకాలమంతా, బాబాయిగారూ."

"నిలబడుతుందా?"

"తెలీదండీ. ఎండొచ్చి మీటర్ చూస్తే గానీ తెలీదు."

"ఊఁ" అన్నారు. "తడవనీ."

వాన జోరందుకుంది. జల్లు తలుపులోంచి కొట్టి ఆయన తెల్ల పంచెని మోకాళ్ళ దాకా తడిపేసింది. ఆయన కదల్లేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. కుడిచేతి వేళ్ళకి ఇంకా మెతుకులు అంటుకుని ఉన్నాయి. ఎడమచేత్తో ఆ మణికట్టుని గట్టిగా పట్టుకుని ఉన్నారు, ఎక్కడ తప్పించుకుని ముందుకు పోతుందోనన్నట్టు. ఎదురుగా గాజుబిళ్ల మీద నీళ్ళు ధారగా జారిపోతున్నాయి. ఆ నీళ్ళ కింద, ఆవిడ వేయించిన పూత నీలంగా, ప్రస్తుతానికి ఏ మచ్చా లేకుండా కనిపిస్తోంది.